మూడో గ్లాసు

హన్మకొండ,
ఫిబ్రవరి 2026, శనివారం రాత్రి

అరేయ్ ఫ్లాపీ,

నీ ఉత్తరం దసరాకు ముందు వచ్చింది. ఇప్పుడు శివరాత్రి కూడా దాటింది. తప్పు నాదే, ఎంతైనా తిట్టుకో. రెండుసార్లు రాయడం మొదలుపెట్టి సగంలో ఆపాను. ఆ కాగితాలు ఈ కాంటా గదిలోనే ఎక్కడో చిట్టీల కింద ఉంటాయి. ఈసారి మాత్రం ఆగలేను. ఫోన్ చేద్దామనుకున్నా కానీ నువ్వు మధ్యలో అడ్డం పడతావు. ఇది మొదటి నుంచి వరసగా చెప్పాల్సిన ముచ్చట.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అవ్వ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, కర్ర పట్టుకుని భద్రకాళి గుడి దాకా నడుస్తోంది. పెద్దమ్మాయికి కరీంనగర్‌లో ఉద్యోగం వచ్చింది. మేడారం పోయొచ్చాం, నీ పేరు మీద కూడా అమ్మవార్లకు బంగారం ఇచ్చాం, ఆ బెల్లంలో నీ వాటా డబ్బాలో పెట్టి ఉంచాం. మీ చెల్లె సకినాలు పంపిస్తానంటోంది. పోయినేడు మన చపాట మిర్చికి జీఐ గుర్తింపు వచ్చిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. అంతే. ఇక అసలు సంగతి.

మన కాంటా కంప్యూటర్ పోయిందిరా.

సంక్రాంతి సెలవులయ్యాక ఎనుమాముల మార్కెట్ తెరిచిన రెండో రోజు. తేజ మిర్చి బస్తాలతో లారీలు మన గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బారు కట్టాయి. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు పొంగి ఉన్నాయి, ఒకటి కారిపోయింది కూడా. ఆ డబ్బాలో అది మూడో బోర్డు. మూడోది అనగానే నువ్వు నవ్వుతావని తెలుసు. నాకు మాత్రం ఆ పూట నవ్వు రాలేదు. రెండు రోజులు చేత్తో చిట్టీలు రాశాం. లోడుతో ఒక తూకం, ఖాళీ బండి ఇంకో తూకం, తీసివేత కాగితం మీద. హమాలీలు నన్ను చూసి జాలిపడ్డారు. ఒక రైతు తన చిట్టీని మూడుసార్లు లెక్కపెట్టించుకున్నాడు. ఆయనను తప్పుపట్టను, ఏడాది కష్టం ఆ ఒక్క అంకెలో ఉంటుంది. బాపు ఉంటే నిద్రపోయేవాడు కాదు.

అందరూ ఒకటే మాట: కొత్త సాఫ్ట్‌వేర్ కొనేయ్. ఒకాయన వచ్చి చూపించాడు కూడా. బాగానే ఉంది. కానీ 1997 నుంచి ఉన్న బండి నంబర్లు, బాకీలు, మన చిట్టీ నంబరు వరస, ఇవన్నీ వదిలేసి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టమంటాడు. కింద వేరే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్), దాని పైన వర్చువల్ డబ్బాలో మన పాత ఓఎస్/2 పెట్టుకుందామని కూడా ఆలోచించాను. అప్పుడు రెండింటినీ చూసుకోవాలి. కరెంటు పోయి వస్తే ముందు ఏది లేస్తుంది, ఏది లేవదు అని రాత్రిపూట వాచ్‌మన్‌కు ఎలా చెప్పను?

మా చిన్నోడు పక్కన కూర్చుని, "అసలు ఈ ఓఎస్/2 ఏంటి బాపూ, మా కాలేజీలో ఎవరూ దీని పేరే ఎత్తరు" అన్నాడు. చెప్పాను. 1987లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్. తర్వాత విడిపోయాయి, ఐబీఎం ఒంటరిగా మోసింది. 1996లో దాని వార్ప్ 4 వెర్షన్ వచ్చింది. ఆ డబ్బానే మీ బావ అమెరికా నుంచి సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. సీడీ ఉన్నా సరే మొదలుపెట్టడానికి మూడు ఫ్లాపీలు కావాలి. ఆ మూడో ఫ్లాపీ... సరే, అది నీకూ నాకూ తెలిసిందే, వాడికి చెప్పలేదు. 32 ఎంబీ మెమరీలో రెండు కాంటాల తూకం చదువుతూ, పక్కనే ఫ్లాపీ ఫార్మాట్ చేస్తుంటే ఒక్క అంకె కూడా తప్పిపోకపోవడం చూసి నువ్వు కుర్చీలోంచి లేచి గెంతావు, అది చెప్పాను. వాడు నమ్మలేదు. ఫార్మాట్ చేయడంలో గొప్పేముంది అంటాడు. ఆ కాలంలో ఫ్లాపీ ఫార్మాట్ పెడితే కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందేనని వాళ్లకు ఎలా తెలుస్తుంది!

2006 డిసెంబర్ 31తో ఐబీఎం దాన్ని పట్టించుకోవడం ఆపేసింది కదా, మనం కథ ముగిసిందనుకున్నాం. ముగియలేదురా. అప్పటికే ఈకామ్‌స్టేషన్ అనే పేరుతో వేరే వాళ్లు దాన్ని నడిపిస్తున్నారు. ఆ తర్వాత ఆర్కా నోయే అనే చిన్న కంపెనీ ఐబీఎం దగ్గర లైసెన్సు తీసుకుని 2017లో ఆర్కావోఎస్ 5.0 తెచ్చింది, 2023లో 5.1. ఐబీఎం సోర్స్ కోడ్ విడుదల చేయనేలేదు. అయినా ఓఎస్‌కు గుండెకాయ లాంటి పాత కెర్నల్ చుట్టూ కొత్త డ్రైవర్లు అల్లుతున్నారు. సౌండ్ డ్రైవర్‌కు లినక్స్ వాళ్ల ఆల్సా నుంచి తెచ్చుకున్నారు, యూఎస్‌బీ 3కి డ్రైవర్ ఉంది. 5.1లో అన్నిటికంటే పెద్ద పని యూఈఎఫ్ఐ. ఇప్పటి బోర్డుల్లో కంప్యూటర్‌ను నిద్రలేపే మన పాత బయోస్ లేదు, దాని బదులు ఈ యూఈఎఫ్ఐ ఉంది, ఓఎస్/2 ఏమో బయోస్‌ను పిలవకుండా లేవదు. అందుకని బయోస్ ఉన్నట్టే జవాబిచ్చే పొర ఒకటి వాళ్లే రాసి కింద పెట్టారు. పాత కెర్నల్‌కు తేడా తెలియదు. ఇంత ఓపిక ఎక్కడిదిరా ఆ మనుషులకు? లోకంలో ఎంతమంది వాడతారని చేస్తున్నారు? నాలాంటి కాంటావాడి కోసమే చేసినట్టుంది. కమర్షియల్ లైసెన్సు కొన్నాను, మనసారా కొన్నాను.

కొత్త డబ్బా తెచ్చాను. 16 జీబీ మెమరీ. 32 బిట్ ఓఎస్ కాబట్టి 4 జీబీ పైన ఉన్నది ప్రోగ్రామ్‌లకు అందదు. మనకు 32 ఎంబీయే ఎక్కువ కదా, ఫర్వాలేదు. సెక్యూర్ బూట్ ఆపి, సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కించాను. డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి పాత హెచ్‌పీఎఫ్ఎస్ బదులు ఈసారి జేఎఫ్ఎస్ పెట్టాను. కరెంటు పోయిన ప్రతిసారీ చెక్‌డిస్క్ తిరుగుతుంటే మనం బయటికి పోయి మక్క కంకులు తినొచ్చేవాళ్లం, ఆ కాలం పోయింది. పాత హార్డ్‌డిస్కును లినక్స్ ఉన్న చిన్నోడి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే హెచ్‌పీఎఫ్ఎస్‌ను చదివింది. ఫైళ్లన్నీ వచ్చాయి. నువ్వు రాసిన తూకం ప్రోగ్రామ్, కాంటా.సీఎండీ కూడా వచ్చింది.

తెర మీద ఓఎస్/2 డెస్క్‌టాప్, ఆ వర్క్‌ప్లేస్ షెల్ వచ్చినప్పుడు చేయి వణికిందిరా. అదే కుడి బటన్‌తో లాగడం, అదే ఫోల్డర్లు. సరే.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు.

కొత్త బోర్డుకు సీరియల్ పోర్టు లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వేశాను, రెండు సీరియల్ పోర్టులది. దాని అడ్రసు మనకు నోటికొచ్చిన 3ఎఫ్8 కాదు, ఎక్కడో పైన ఉంటుంది. పోర్టు ప్రాసెసర్‌ను పిలిచే నంబరు, ఐఆర్‌క్యూ కూడా 4 కాదు. నాకు గుండె జారింది. ఎందుకంటే 1997లో మనిద్దరికీ ఏ విషయం మీద లొల్లి అయిందో యాదికి వచ్చింది. నేను డాస్‌లో సి రాద్దామన్నాను, నేరుగా 3ఎఫ్8 దగ్గర చదువుదాం, వేగంగా ఉంటుందన్నాను. నువ్వు ఓఎస్/2తో పాటే వచ్చే రెక్స్ భాషలోనే రాస్తానని మొండికేశావు. "పోర్టు ఎక్కడుందో మనకెందుకురా, కామ్1 అని పేరు పెట్టి ఓఎస్‌ను అడుగుదాం" అన్నావు. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. బాపు వచ్చి ఇద్దరికీ చెరో చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. అప్పుడు కూడా నువ్వే సరైనవాడివని నేను ఒప్పుకోలేదు, అలసిపోయి ఊరుకున్నాను. ఇప్పుడు రాసి ఇస్తున్నాను: నువ్వే కరెక్టు. కార్డుకు తగ్గట్టు డ్రైవర్ లైను కాన్ఫిగ్.సిస్‌లో మార్చాను. నీ ప్రోగ్రామ్‌లో పోర్టు కోసం ఒక్క అక్షరం మార్చలేదు. నా మాట వినుంటే ఆ ప్రోగ్రామ్ పాత బోర్డుతోనే పోయేది.

అయినా తూకం రాలేదు. ఇండికేటర్ మీద అంకె ఉంది, తెర మీద సున్నా. వైర్లు మార్చాను, వేగం మార్చాను, రాత్రి పది దాటింది. చివరికి పాత డబ్బాను ఊడదీస్తుంటే మూత లోపలి వైపు అతికించిన కాగితం కనిపించింది. నీ చేతిరాత. పసుపు పట్టింది కానీ అక్షరాలు చెదరలేదు. మోడ్ కామ్1 అని రాసి, ఓసీటీఎస్, ఓడీఎస్ఆర్, ఐడీఎస్ఆర్ మూడూ ఆఫ్ అని. కింద, "మూడు తీగల కేబుల్, మర్చిపోతావు" అని. నిజంగానే మర్చిపోయాను. మన కేబుల్‌లో ఆ సిగ్నళ్ల తీగలే లేవు. ఓఎస్/2 ఏమో అవి వస్తాయని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ లైను పాత స్టార్టప్.సీఎండీలో ఉండేది, దాన్ని నేను కాపీ చేయలేదు. లైను కొట్టగానే తెర మీద అంకెలు పారాయి. ఐదుసార్లు ఒకే అంకె వస్తేనే ఒప్పుకోవాలన్న నీ నియమం ప్రకారం ఆగి, నిలిచింది. ఖాళీ కాంటా మీద నేనే ఎక్కి నిలబడి చూసుకున్నాను.

అయిపోయిందనుకున్నావా? ఉండు.

ప్రింటర్ మిగిలింది. డాట్ మాట్రిక్స్‌కు పారలల్ కేబుల్, కొత్త బోర్డుకు ఆ పోర్టూ లేదు. నెట్‌వర్క్‌కు తగిలించే చిన్న ప్రింట్ సర్వర్ డబ్బా పెట్టాను. చిట్టీని ఫైలుగా రాసి ఎల్‌పీఆర్ కమాండ్‌తో పంపేలా రెండు లైన్లు మార్చాలి. నాకు కళ్లు మూతపడుతున్నాయి. "నేను మారుస్తా, నువ్వు పడుకో బాపూ" అన్నాడు చిన్నోడు. మంచిదే అని గోనెపట్టా మీద ఒరిగాను. నాలుగింటికి లేపాడు, ముఖం పాలిపోయింది. నడిపిస్తే తెర నిండా ఎస్‌వైఎస్1041, ఎస్‌వైఎస్1041, ప్రతి లైనుకూ ఒకటి. ఈ పేరుతో కమాండ్ ఏదీ లేదు అంటోంది. గంట ముందు దాకా తూకం చదివిన ప్రోగ్రామ్! ఆరింటికి మొదటి లారీ వస్తుంది.

వాడు మార్చిన రెండు లైన్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. డిస్క్ మీద అనుమానం, కాపీ మీద అనుమానం. పాత ఫైలుకు అంటిపెట్టుకుని ఉండే అదనపు సమాచారం, ఆ ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు లినక్స్ మీదుగా వచ్చేటప్పుడు రాలిపోయాయి కదా, వాటిలో రెక్స్ దాచుకున్న ముక్కలు పోయాయేమోనని కూడా అనుకున్నాను. కానీ అవి పోతే మొదటిసారి నడిచినప్పుడు మళ్లీ తయారు చేసుకుంటుంది, పైగా రాత్రి నడిచింది కూడా. ఐదు దాటింది. అప్పుడు అడిగాను, ఇంకేమైనా ముట్టుకున్నావా అని. వాడు భయపడుతూ, "పైన ఏదో పిచ్చి లైను ఉంటే తీసేశా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మూడో గ్లాసు ఎవరిది అని ఉంది" అన్నాడు.

నేను కింద కూర్చుండిపోయానురా.

మొదటి లైనులో, మొట్టమొదటి అక్షరం నుంచి స్లాష్, స్టార్ పెట్టి కామెంట్ ఉంటేనే ఓఎస్/2 దాన్ని రెక్స్ అనుకుంటుంది. లేకపోతే మామూలు బ్యాచ్ ఫైలు అనుకుని లైను లైనునూ కమాండ్‌లా చదువుతుంది. ఏదో ఒక కామెంట్ ఉంటే చాలు, ఏం రాసినా సరే. నువ్వు ఆ రాత్రి కాజీపేట స్టేషన్ నుంచి వచ్చి, ఇంకా కోపంగానే ఉండి, రాసింది అది. ఇరవై తొమ్మిదేళ్లుగా మన కాంటా మీద తూగిన ప్రతి బస్తా ఆ ప్రశ్న కిందనే తూగింది. బాపు అన్నాళ్లూ దాని ముందే కూర్చున్నాడు, ఆయనకు ఆ లైను సంగతి తెలియదు. తెలిసి ఉంటే... ఏమో, ఆయనకు జవాబు తెలిసే ఉంటుందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ రోజు ప్లాట్‌ఫామ్ మీద చాయ్ అబ్బాయి మన వెనక్కి చూసి... వద్దు, అది ఉత్తరంలో రాసేది కాదు, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నా చేత్తోనే ఆ లైను తిరిగి కొట్టాను. అక్షరం తేడా లేకుండా, నువ్వు చేసిన స్పెల్లింగ్ తప్పుతో సహా. ఎంటర్ కొట్టాను. తెర శుభ్రంగా వచ్చింది. ఐదు యాభైకి నర్సంపేట నుంచి లారీ వచ్చింది, కాంటా ఎక్కింది, ప్రింటర్ కరకరమని చిట్టీ దింపింది. తారీఖు 2026 అనే పడింది. అప్పట్లోనే నువ్వు సంవత్సరం నాలుగు అంకెలు ఉండాలని పట్టుబట్టావు, అదీ నీ లెక్కలోనే వేసుకో. చిట్టీ నంబరు పాత వరసలో తర్వాతి నంబరే. డ్రైవరు దాన్ని చూడకుండా జేబులో పెట్టుకుని పోయాడు. నాకు అదే చాలు.

ఆ లారీ చిట్టీ నకలు ఈ కవరులో పెడుతున్నాను, దాచుకో. చిన్నోడు ఇప్పుడు రెక్స్ నేర్చుకుంటానని నీ ప్రోగ్రామ్ మొత్తం కాగితాల మీద ప్రింటు తీసుకున్నాడు. ఎక్కడెక్కడ ఎందుకు అలా రాశావో ప్రశ్నలు పెడుతున్నాడు. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. ముఖ్యంగా తూకం 40 టన్నులు దాటితే రెండుసార్లు బీప్ కొట్టి మూడోసారి ఎందుకు ఆపుతావు? దాని వెనక కూడా ఆ గ్లాసే ఉందా? వాడికి నువ్వే ఒక

ఆగు, గేటు దగ్గర హారన్ కొడుతున్నారు. పరకాల బండి, వాచ్‌మన్ చాయ్‌కి పోయాడు, నేనే పోవాలి. కవరు ఇప్పుడే అంటించేస్తున్నా, లేకపోతే ఇది కూడా చిట్టీల కిందకే పోతుంది. మా చెల్లెను అడిగానని చెప్పు.

నీ
కాంటా