కాలిన రెగ్యులేటర్‌ను తూకానికి వేస్తే కారణం ఎలా తెలుస్తుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆసుపత్రిలో మంట లేస్తే చాలు, సాయంత్రానికల్లా ‘షార్ట్ సర్క్యూట్’ అనేస్తారు. చాలాసార్లు అదే కావచ్చు. కానీ ఆక్సిజన్ సిలిండర్ దగ్గరే అంటుకున్నప్పుడు కూడా, గ్యాసు ఒత్తిడి తగ్గించి వదిలే రెగ్యులేటర్‌ను విప్పి చూడకుండానే ఆ మాట ఎలా అంటారు?

నాది పాలకొల్లులో గ్యాస్ వెల్డింగ్ షాపు. ఆమధ్య మా చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో సిలిండర్ మార్చి వాల్వు తిప్పగానే రెగ్యులేటర్ భగ్గుమంది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కొన్నాళ్లకు అదే రెగ్యులేటర్ పాత సామాన్ల కొట్టులో కనిపించింది. సిలిండర్‌కు బిగించే మూతి కరిగిపోయింది, లోపలి వాషర్ ఆనవాలే లేదు, బయటి వైపు మాత్రం కాస్త మసి. లోపల పుట్టిన మంటేనని నా అనుమానం. తేల్చాల్సిన వస్తువు ఇత్తడి రేటుకు పోయింది!

ఆక్సిజన్ తానుగా మండదు, మండేదాన్ని మాత్రం విపరీతంగా మండిస్తుంది. నిండు సిలిండర్‌లో ఒత్తిడి 150 బార్ల దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు ఉంటుంది. వాల్వు ఒక్కసారిగా తిప్పేస్తే గ్యాసు ఆ ఇరుకు మూతిలో కుక్కుకుపోయి వేడెక్కుతుంది. అక్కడ కాస్త గ్రీజో, చేతికంటిన కొబ్బరినూనో ఉంటే అగ్గిపుల్లతో పనిలేదు. మన వైపు రొయ్య పిల్లల ప్యాకింగ్‌కు వెళ్లే సిలిండర్లూ, ఆసుపత్రి సిలిండర్లూ ఒకే ఆటోలో కనిపిస్తాయి. ఇక స్పానర్‌కు జిడ్డు అంటకుండా ఉంటుందా? అమెరికాలో అల్యూమినియం రెగ్యులేటర్లు అంటుకున్న ఘటనలను ఒకచోట చేర్చి చూశారు కాబట్టే, 1999లో ఇత్తడివి వాడమని అక్కడి ప్రభుత్వ సంస్థలు చెప్పగలిగాయి.

మంట లేకపోయినా ప్రాణాలు పోతాయి. 2021 ఏప్రిల్ 21న నాసిక్‌లో ఒక ఆసుపత్రి ఆక్సిజన్ ట్యాంకు లీకై సరఫరా పడిపోయి 20 మందికి పైగా చనిపోయారు. మన తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆ మే నెలలోనే ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది పోయారు.

కలెక్టర్ గారికి నా విన్నపం ఒకటే. ఇలాంటిది జరిగిన చోట సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం ఎవరూ కదపకుండా సీలు వేయించాలి. వాల్వు ఎన్ని చుట్లు తెరిచి ఉందో, సిలిండర్ నంబరేమిటో అక్కడే రాయించి, ఫొటోలు తీయించాలి. డ్యూటీలో ఉన్న నర్సమ్మ మీద తోసేసి ఫైలు మూయడం మానాలి. వైద్య పరికరాల లోపాలు నమోదు చేసుకోవడానికి 2015 నుంచి కేంద్రం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుపుతోంది. బుస్సుమని కారే రెగ్యులేటర్ సంగతి కూడా అక్కడికి చేరాలి. విచారణలో తేలింది పత్రికలకు ఇస్తే, పక్క ఊరి ఆసుపత్రి వాళ్లు కూడా తమ వాషర్లు ఒకసారి చూసుకుంటారు.

— ఒక పాఠకుడు, పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా