క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకు వారానికి ఒక గంట మైదానం ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం వస్తుంది. ర్యాలీలు తీస్తారు, రిబ్బన్లు పంచుతారు. జూన్ మొదటి ఆదివారాన్ని క్యాన్సర్‌ను జయించినవాళ్ల రోజుగా చాలాచోట్ల జరుపుతారు. మంచిదే. కానీ చికిత్స ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి మర్నాటి నుంచి ఎలా బతుకుతోందో అడిగేవాళ్లు తక్కువ. నేనడగదలచింది ఆ మర్నాటి గురించే.

నేను పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వడ్రంగం పని చేసి రిటైరయ్యాను. మా వదినది గూడూరు దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్ అని తేలాక ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చెన్నైలోనే, మా ఇంట్లో ఉండి చేయించుకుంది. ప్రాణం దక్కింది. కానీ చంకలో లింఫు గ్రంథులు తీసిన వైపు చేయి భుజం దాటి లేచేది కాదు. పై అరలో ఉన్న పప్పు డబ్బా అందుకోవాలన్నా ఎవరినో పిలవాల్సిందే. ఆ చేత్తో ఏ పనీ చేయొద్దని బంధువులు ఎవరో చెబితే అదే పట్టుకుని, చేతిని కొంగు కింద పెట్టుకుని కూర్చునేది. పని చేస్తే ఆ చేయి వాస్తుందేమోనని ఒకటే టెన్షన్.

ఆ భయం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టర్, రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మంది మహిళలతో డ్రాగన్ పడవలు, అంటే చాలామంది కలిసి తెడ్లు వేసే పొడవాటి పడవలు, నడిపించారు. కష్టమైన తెడ్ల పని. అయినా ఆ పని వల్ల ఎవరికీ చేయి వాయలేదు. 2009లో అమెరికాలో, అప్పటికే చేతి వాపు ఉన్న 141 మంది మహిళల మీద ఏడాది పాటు చేసిన అధ్యయనం వచ్చింది. శిక్షకుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా బరువులు పెంచుకుంటూ పోయినవాళ్లకు వాపు ఎక్కువ కాలేదు, ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. ఈ మాట మన ఇళ్లదాకా ఇంకా సరిగ్గా చేరలేదు.

మా వదినకు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, భుజం వెనక్కి తెరుచుకునే కదలికలు చేయించాలని చెప్పింది. రేడియేషన్ తర్వాత ఛాతీ మీద చర్మం బిగుసుకుపోతుంది, మనిషి ముందుకు వంగిపోతుంది. విల్లు లాగేటప్పుడు సరిగ్గా దానికి ఎదురు జరుగుతుంది. ఒక చేయి ముందుకు తోస్తుంది, ఇంకోటి వెనక్కి లాగుతుంది, వీపు మీద రెక్క ఎముకలు రెండూ దగ్గరికొస్తాయి. ఆ అమ్మాయిని అడిగితే, తేలికైనదైతే తన ముందు లాగించవచ్చంది. అప్పుడే విల్లు చేయాలనిపించింది. మా వదినకే కాదు, ఆమెతో పాటు చికిత్స తీసుకుని ఇప్పటికీ ఫోన్లో ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే వాళ్లందరి పేరు మీదా.

విల్లు పని ఓపిక అడుగుతుంది. నేను వాడింది లోపల గుల్ల తక్కువ ఉన్న గట్టి వెదురు. బాగా ఆరాక బద్ద తీశాను. పట్టుకునే చోట పాత టేకు ముక్క అతికించాను. లాగినప్పుడు బాణం వెళ్లే వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నొక్కుకుంటుంది. సాగే వైపు వెదురు పైతోలు చెక్కుచెదరకూడదు, ఈనెలకు బలమంతా అక్కడే. చెక్కేది మన వైపే. గోడకు కొట్టిన కొయ్య మీద విల్లు తగిలించి, నారిని కొంచెం కొంచెంగా కిందికి లాగుతూ దూరం నుంచి వంపు చూడాలి. ఎక్కడ బిరుసుగా ఉందో అక్కడ గాజుపెంకుతో గీకాలి. బాగా వంగుతున్న చోటు జోలికి పోకూడదు. గీకి, లాగి, మళ్లీ చూసి, మళ్లీ గీకి, పట్టుకునే చోటికి పైనా కిందా ఉన్న రెండు కొమ్మలూ ఒకేలా వంగేదాకా అదే పని. చివరికి నారికి స్ప్రింగ్ త్రాసు తగిలించి తూచాను. నిండా లాగితే 7 కిలోల లోపే వచ్చింది. ఒలింపిక్స్ స్థాయిలో ఆడేవాళ్లు 18 కిలోల పైబడిన బరువు లాగుతారు. ఇది అందులో సగం కూడా లేదు.

విల్లు పట్టుకునే చోట దారం చుట్టే పని మా వదినకూ, ఆమెతో పాటు చికిత్స తీసుకున్నవాళ్లకే వదిలేశాను. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి తలా కొన్ని చుట్లు చుట్టారు. అన్ని క్యాన్సర్లకూ గుర్తుగా వాడే లావెండర్ రంగు అడుగున, దాని మీద రొమ్ము క్యాన్సర్‌కు గులాబీ. కొడుకు చిన్న వయసులో రక్త క్యాన్సర్ నుంచి కోలుకున్న తల్లి ఒకావిడ, పిల్లల క్యాన్సర్‌కు బంగారు రంగు కదా అని జరీ దారం తెచ్చింది. పాత పట్టుచీర అంచులోంచి తీసిందట. దారం జారకుండా పళ్లతో బిగబట్టి, ఒంటి చేత్తో ముడి వేసింది ఇంకొకావిడ.

విల్లు మీద వాళ్ల పేర్లు చెక్కుదామనుకున్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం అన్నా, నా పేరు వద్దు" అంది ఒకావిడ. నాకు కడుపు తరుక్కుపోయింది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చే జన్యు లోపం వల్ల కలిగేవి నూటికి 5 నుంచి 10 దాకానే. అంటుకునే జబ్బు అసలే కాదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి, బతికి వచ్చానని నలుగురిలో చెప్పుకోవడానికి భయపడాల్సి రావడం మన అందరి తప్పు.

అందుకే నా విన్నపం. నగరంలో కార్పొరేషన్ ఆటస్థలాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కదాంట్లో, వారానికి ఒక గంట క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకు కేటాయించాలి. వెనక మట్టికట్ట, గడ్డిమోపు గురి, 10 మీటర్ల దూరం, నేర్పడానికి ఒక కోచ్, పక్కన ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే చాలు. డాక్టరు సరే అన్నవాళ్లే రావాలి. ఏ చేత్తో పట్టాలో, ఏ చేత్తో లాగాలో, వాపు కోసం చేతికి వేసుకునే బిగుతైన ఒత్తిడి తొడుగు వేసుకోవాలో లేదో డాక్టరు, ఫిజియోథెరపిస్టే చెప్పాలి. విల్లు తమకు కాదనుకునేవాళ్లు ఊరికే నడిచినా చాలు. కానీ విల్లు ఎవరికీ అందనిది కాదు. చేతులు లేకుండా పుట్టిన శీతల్ దేవి కాలితో విల్లు పట్టి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేష్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది.

ఇది చెన్నైకి మించిన కోరిక కాదు. చెల్లెల్ని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, 1954లో 12 పడకలతో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన ఊరిది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కే డాక్టర్ శాంత జీవితమంతా ధారపోసిన ఊరిది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు ఇవాళ్టికీ రైలెక్కి ఇక్కడికే వస్తారు. ఇక్కడి తెలుగు సంఘాలకు కూడా ఒక మాట. ఉగాది సభల్లో మీరు ఎంతోమందిని సన్మానిస్తారు. ఈసారి ఆ ఖర్చులో కొంత తీసి, ఈ గంటకు కోచ్ జీతం, ఆటో చార్జీలు భరించండి.

మైదానం దొరికితే ఈ విల్లు అక్కడికే ఇస్తాను. అద్దాల పెట్టెలో పెడతామంటే ఇవ్వను. వెదురు తెచ్చిస్తే ఇంకొన్ని చేస్తాను, పిల్లలకు చిన్న సైజువి కూడా. నారి తెగితే వచ్చి మార్చిపెడతాను. సమయం మాత్రం సాయంత్రం 5 దాటాక పెట్టండి, తిరిగి ఉద్యోగాల్లో చేరినవాళ్లకు అప్పుడే వీలవుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వడ్రంగి,
అయనావరం, చెన్నై