ఊరు మారే క్లబ్బులు: కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర క్రీడల శాఖ మంత్రి మన్‌సుఖ్ మాండవీయ గారికి,

నమస్కారం. 2019 నవంబరులో సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ ముంబై సిటీ ఎఫ్‌సీలో 65 శాతం వాటా కొన్నప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్లమంతా పండగ చేసుకున్నాం. మాంచెస్టర్ సిటీ యజమానులే మన లీగ్‌కి వచ్చారంటే ఇక మన ఆట దశ తిరిగినట్టేనని నమ్మాం. 2025 డిసెంబరులో అదే గ్రూప్ ఆ వాటా వదులుకుని వెళ్లిపోయింది. దేశపు అగ్ర ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) భవిష్యత్తు అయోమయంగా ఉండటాన్ని ఒక కారణంగా చెప్పింది.

వాళ్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ గ్రూప్ చేతిలో ఉండగా ముంబై 2020-21లో పట్టికలో మొదటి స్థానానికిచ్చే లీగ్ షీల్డ్, ఫైనల్ నెగ్గితే వచ్చే కప్పు రెండూ గెలిచింది. 2022 ఏప్రిల్‌లో ఇరాక్‌కు చెందిన ఎయిర్ ఫోర్స్ క్లబ్బును 2-1తో ఓడించి, ఆసియా చాంపియన్స్ లీగ్‌లో మ్యాచ్ నెగ్గిన తొలి భారత క్లబ్ అయింది. డెస్ బకింగ్‌హామ్, పీటర్ క్రాట్కీ లాంటి కోచ్‌లు ఆ గ్రూప్‌కే చెందిన మెల్‌బోర్న్ సిటీ నుంచి ముంబైకి వచ్చారు. అది నిజమైన మేలు, కాదనను.

కానీ ఎన్నో క్లబ్బులను ఒకే చేతిలో పెట్టుకునే ఈ గ్రూపులు ఎలా నడుస్తాయో మీ శాఖ దగ్గరగా చూడాలి. అబుదాబి డబ్బుతో 2008లో మాంచెస్టర్ సిటీని కొన్నవాళ్లు న్యూయార్క్, మెల్‌బోర్న్, మాంటెవిడియో, జిరోనా, లోమెల్, ట్రోయె, పలెర్మో, బహియా దాకా విస్తరించారు. ఎరుపు, తెలుపు రంగుల్లో ఆడే మెల్‌బోర్న్ హార్ట్‌ను 2014లో కొని, పేరు మెల్‌బోర్న్ సిటీగా మార్చి, లేత నీలం రంగును తెచ్చిపెట్టారు. పలెర్మో మాత్రం ఇప్పటికీ తన గులాబీ రంగులోనే ఆడుతోంది. అంటే రంగు మార్చకుండా కూడా క్లబ్బును నడపొచ్చన్నమాట.

ఫ్రాన్స్‌లోని ట్రోయె సంగతి ఇంకా బాధాకరం. బ్రెజిల్ కుర్రాడు సావిన్యోను 2022లో ఆ క్లబ్ పేరుమీదే కొన్నారు. అతను ట్రోయెకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ముందు నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీకి, తర్వాత గ్రూప్‌లోదే అయిన స్పెయిన్ క్లబ్ జిరోనాకి అద్దెకు వెళ్లాడు, చివరికి మాంచెస్టర్ సిటీలో తేలాడు. 2023-24లో అతను మెరుపులా ఆడుతుంటే జిరోనా స్పెయిన్ అగ్ర లీగ్ లా లిగాలో మూడో స్థానంలో నిలిచింది. కాగితాల మీద అతని సొంత క్లబ్ అయిన ట్రోయె అదే సీజన్‌లో ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి కూడా జారిపోయే స్థానంలో ముగిసింది. మే నెలలో సొంత మైదానంలోనే అభిమానులు మండే ఫ్లేర్లు విసరడంతో మ్యాచ్ ఆగిపోయింది. తర్వాత బోర్డో క్లబ్ డబ్బు కష్టాల్లో పడి కింది డివిజన్‌కి వెళ్లబట్టి ట్రోయె బతికిపోయింది. ఫ్లేర్లు విసరడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ తమ ఊరి క్లబ్ ఇంకెవరి కోసమో నడుస్తోందని తెలిసినప్పుడు కడుపు మండదా, చెప్పండి?

ఆ మంట మా హైదరాబాద్‌కు వేరే దారిలో వచ్చింది. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు షాట్లు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది కాబట్టి, సొంతూళ్లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మావాళ్లు కప్పు కొట్టారు. అయినా ఊరు ఊరంతా తనదనుకుంది. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస, పట్టికలో అట్టడుగు స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టే ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరుతో సహా మారిపోయింది. అంతకుముందు ఢిల్లీ డైనమోస్ ఇలాగే భువనేశ్వర్ చేరి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె వాళ్ల స్థానం మాకొచ్చినప్పుడు వాళ్ల బాధ మేం పట్టించుకోలేదన్నది కూడా నిజమే.

భారత జట్టు కోచ్ రహీం సాబ్‌ను, ఆటగాడు తులసీదాస్ బలరామ్‌ను ఇచ్చిన నగరానికి ఈరోజు దేశపు అగ్ర లీగ్‌లో జట్టు లేదు. ఇది జరుగుతున్నప్పుడు మా అభిమానులను అడిగినవాళ్లు లేరు, ఎక్కడ అడగాలో మాకూ తెలియలేదు. యజమాని విదేశీ గ్రూపా, స్వదేశీ కంపెనీయా అన్నది నాకు రెండో ప్రశ్న. ఎవరైనా సరే, క్లబ్‌ను ఊరికి కట్టి ఉంచే నిబంధన మన దగ్గర లేదు.

మీరు 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం తెచ్చారు. అది సమాఖ్యలను దారిలో పెడుతుంది, క్లబ్బుల జోలికి రాదు. అదే ఏడాది ఇంగ్లండ్ తెచ్చిన ఫుట్‌బాల్ చట్టం చూడండి: చిహ్నం, జెర్సీ రంగు మార్చాలంటే అభిమానుల్లో ఎక్కువమంది మద్దతు ఉండాలి. సొంత మైదానం వదలాలంటే నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి.

2022 ఆగస్టులో బయటివాళ్ల జోక్యం పేరుతో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్‌ను సస్పెండ్ చేసింది కాబట్టి, మీరు నేరుగా ఆదేశించలేరని తెలుసు. కానీ ఆగిపోయిన లీగ్‌ను 2026 ఫిబ్రవరిలో 14 జట్లతో మొదలుపెట్టడానికి క్లబ్బులను, ఏఐఎఫ్‌ఎఫ్‌ను ఒకచోట కూర్చోబెట్టింది మీరే. మరోసారి కూర్చోబెట్టండి. జట్టును వేరే ఊరికి తరలించాలంటే కనీసం ఒక సీజన్ ముందు బహిరంగ విచారణ జరపాలని లైసెన్స్ నిబంధనల్లో చేర్పించండి. క్లబ్ వెళ్లిపోయినా పేరు, చిహ్నం, గెలిచిన కప్పుల చరిత్ర ఆ ఊరి అభిమానుల ట్రస్టుకు దక్కేలా చూడండి. ఏ గ్రూప్ కొన్నా ఒక సీజన్ జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ ముందే కట్టించండి. ఒకే గ్రూప్‌లోని సోదర క్లబ్బుల మధ్య ఆటగాళ్ల బదిలీ ఒప్పందాలను బయటపెట్టించండి. ముంబైకి రేపు మరో గ్రూప్ రావచ్చు, హైదరాబాద్‌కూ రావచ్చు. వాళ్లు వచ్చేలోపే ఈ నిబంధనలు అమల్లో ఉండాలి.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమాని