ఆయాసం తీరడానికి రూలు మార్చేస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఆట మరీ వేగమైపోయింది, డిఫెన్స్ ఆడే కుర్రాళ్లకు ఊపిరి పీల్చుకునే టైం ఉండట్లేదు, దెబ్బలు తగులుతున్నాయి, కాబట్టి వేగంగా దాడి చేసే జట్లకు పగ్గం వేసేలా, బంతి కదిపేముందు పది సెకన్లు ఆగేలా రూల్స్ ఇంకా మార్చాలి అని దాని సారాంశం. నేను ఒప్పుకోను, ఎందుకు ఒప్పుకోనో కాస్త వివరంగానే రాస్తాను, దయచేసి వేయండి.

గుణుపూర్‌లో ఉండే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారికి ఆ ఆటతో ఏం పని అని మీ పాఠకులు అనుకోవచ్చు. మా అమ్మాయి, అల్లుడు అలబామా రాష్ట్రంలో ఉంటారు. 2013లో నేనూ మా ఆవిడా అక్కడ నాలుగు నెలలు ఉన్నాం. ఆ రాష్ట్రంలో ఆబర్న్, అలబామా అని రెండు యూనివర్సిటీల జట్లు ఉన్నాయి, ప్రతి ఇల్లూ ఏదో ఒక వైపు. మా అల్లుడు ఆబర్న్ వైపు. ప్రతి శనివారం నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా ఒక్కో రూలూ చెప్పేవాడు. అప్పట్నుంచీ ఆ సీజన్ వస్తే ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఫోన్లో చూస్తున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలతో కబడ్డీ, వాలీబాల్ ఆడించినవాణ్ని, ఏ ఆటైనా కాసేపు చూస్తే దాని ఆయువుపట్టు ఎక్కడుందో తెలుస్తుంది.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య 40 సెకన్ల గడియారం నడుస్తుంది, అది అయిపోయేలోగా బంతి కదలాలి. పాత పద్ధతిలో అందరూ గుండ్రంగా చేరి ఏం చేయాలో మాట్లాడుకుని, తీరిగ్గా గీత దగ్గరికి నడిచి, గడియారం అయిపోవస్తుండగా మొదలుపెట్టేవారు. వేగంగా ఆడే జట్లు ఆ గుంపు కట్టడమే మానేశాయి. పక్కనుంచి కోచ్‌లు చేతి సైగలు చేస్తారు, బొమ్మలున్న పెద్ద అట్టలు ఎత్తి చూపిస్తారు, అవతలివాళ్లు ఇంకా లేచి సర్దుకుంటుండగానే బంతి కదిలిపోతుంది. ఒరెగాన్‌లో చిప్ కెల్లీ, ఆబర్న్‌లో గస్ మాల్జాన్ ఇలాగే ఆడించారు. ఎదురుగా 130 కిలోల పైన ఉన్న మల్లులుంటారు. వాళ్లు రెండు మూడు ప్రయత్నాల్లో కొండలాగే నిలబడతారు, ఎనిమిదోదానికి నోరు తెరిచి రొప్పుతారు. అక్కడుంది కిటుకు. డబ్బూ పేరూ ఉన్న జట్టు అంత పెద్ద శరీరాలను ఏరి తెచ్చుకోగలదు, లేని జట్టు కాళ్లను నమ్ముకుంటుంది.

2013 నవంబర్ 30న ఆబర్న్, అలబామా తలపడినప్పుడు నేను అల్లుడి పక్కనే ఉన్నాను. ఇంకా అర నిమిషం ఆట ఉందనగా ఆబర్న్ స్కోరును 28-28 చేసింది. చివరి సెకనులో అలబామా కొట్టిన కిక్కు గోలు దాకా చేరకపోతే ఆబర్న్ కుర్రాడు దాన్ని పట్టుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెత్తి 34-28తో గెలిపించాడు. మా ఆవిడ వంటింట్లోంచి కంగారుగా పరుగెత్తుకొచ్చింది, ఎవరికేమైందో అని.

సరిగ్గా రెండున్నర నెలలకు, 2014 ఫిబ్రవరిలో, కాలేజీ ఫుట్‌బాల్ రూల్స్ కమిటీ ఒక ప్రతిపాదన పెట్టింది. 40 సెకన్లలో మొదటి 10 సెకన్లు గడిచేదాకా బంతి కదపకూడదు, ఆ లోపు డిఫెన్స్ మనుషుల్ని మార్చుకోవచ్చు, తొందరపడితే 5 గజాల శిక్ష. ఆ శిక్ష పేరేమిటో తెలుసా, ఆట ఆలస్యం చేసినందుకు వేసే శిక్ష! త్వరపడ్డవాడికి ఆలస్యం శిక్ష. అలబామా కోచ్ నిక్ శాబన్, ఆర్కాన్సా కోచ్ బ్రెట్ బీలెమా వెళ్లి కమిటీతో మాట్లాడారు, ఇద్దరూ నెమ్మదిగా, బరువుతో ఆడించేవారే. ఇంకో సంగతి. ఆ ఏడాది కమిటీకి మామూలు రూల్స్ మార్చే అధికారం లేదు, ఆటగాళ్ల భద్రత కోసమైతేనే మార్చవచ్చు. అందుకని భద్రత అన్న మాట తెచ్చారు. మాల్జాన్, రిచ్ రోడ్రిగెజ్, మైక్ లీచ్ లాంటి కోచ్‌లు గట్టిగా ఎదురుతిరిగి, వేగం వల్ల దెబ్బలు ఎక్కువ తగిలాయనడానికి లెక్కలేవి చూపించండి అని అడిగారు. చూపించలేకపోయారు. మార్చి మొదటి వారానికి ప్రతిపాదన పక్కన పెట్టేశారు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అందులోని మినహాయింపు. ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాలకు ఈ రూలు వర్తించదట. అయ్యా, పది సెకన్లు ఆగకపోతే కుర్రాళ్ల ప్రాణం మీదికి వస్తుందని నిజంగా నమ్మితే, వాళ్లు పూర్తిగా అలిసిపోయి ఉండే చివరి రెండు నిమిషాల్లోనే ఆ కాపలా ఎందుకు తీసేస్తారు? మీ వ్యాసం రాసినవారు దీనికి జవాబు చెప్పాలి. పైగా ఆ ఆటలో ఒక మంచి రూలు ముందునుంచే ఉంది, దాడి చేసే జట్టు మనిషిని మార్చితే డిఫెన్స్‌కు కూడా మార్చుకునే వ్యవధి అంపైరు ఇవ్వాలి. అంటే వేగంగా ఆడే జట్టు తన ఆటగాళ్లకూ విశ్రాంతి ఇవ్వకుండానే ఆడుతోంది. అదే ఎండ, అదే ఆయాసం ఇద్దరికీ.

నేను ఇంత వేడిగా ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటిది మా కళ్లముందే జరిగింది.

కొన్నేళ్ల కిందట కనుమ నాడు మా వైపు ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టారు. ఊరి పేరు వద్దు. నేను తీసుకెళ్లినవాళ్లు కొండ మీది సవర కుర్రాళ్లు, పొద్దున్నే చోడి అంబలి తాగి జీడితోటల్లోంచి దిగి వచ్చేవాళ్లు, ఒక్కడూ 58 కిలోలు దాటడు. ఫైనల్లో ఎదురైంది టౌను జట్టు, చేతులు చూస్తేనే భయం వేస్తుంది. పట్టుకున్నారంటే మావాడు లేవలేడు. అందుకని వాళ్లకు ఒకటే నేర్పాను. అవతలివాడి కూత అయిపోయిన మరుక్షణం మనవాడు గీత దాటి కూతలో ఉండాలి, వాళ్లు చేతులు కలిపి గొలుసు కట్టుకోకముందే తాకి వచ్చేయాలి. రైడర్‌ను ఐదు సెకన్ల లోపు పంపాలని కబడ్డీ రూలే చెబుతుంది, అంతకంటే ముందు పంపొద్దని ఎక్కడా లేదు. సగం ఆట అయ్యేసరికి 19-11, మేమే పైన.

విరామంలో షామియానా కింద పెద్దలు కూర్చుని ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత మైకులో ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో చెప్పారు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఇకనుంచి ఒక కూతకూ ఇంకో కూతకూ మధ్య ఇరవై సెకన్లు ఆగాలి, విజిల్ వేశాకే వెళ్లాలి, ముందే దాటితే అవతలివాళ్లకు పాయింటు. నేను వెళ్లి అడిగాను, బతిమాలాను కూడా. మీ పిల్లల మంచి కోసమే మాస్టారూ అన్నారు.

ఆ రెండో సగం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మా రైడరు సున్నం గీతకు బొటనవేళ్లు ఆనించి నిలబడ్డాడు. మోకాలికి అంటిన ఎర్రమట్టి చెమటకు తడిసి కారుతోంది. ఎదురుగా ఎడమ కార్నర్‌లో ఉన్న భారీ మనిషి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, తలొంచుకుని రొప్పుతున్నాడు. ఐదు సెకన్లు, పది సెకన్లు, ఛాతీ ఎగిరిపడటం తగ్గింది, లేచి నిలబడ్డాడు, ముఖం తుడుచుకున్నాడు, పక్కవాడి మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు విజిల్. మావాడు లోపలికి వెళ్లాడు, వాళ్లు నలుగురూ కలిసి ఎత్తి పడేశారు. ఇంకో ఇద్దరు అలవాటు కొద్దీ విజిల్‌కు ముందే గీత దాటారు, రెండుసార్లూ పాయింటు అవతలికి. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తిరిగొస్తుంటే ఆటోలో వాళ్లలో ఒక కుర్రాడు అడిగాడు, "నేనేం తప్పు చేశాను మాస్టారూ, తొందరగా వెళ్లడం తప్పా?" అని. నేనేం చెప్పను?

భద్రత అంటే నాకు పట్టదని కాదు. మే నెలలో ప్రాక్టీసు పెట్టి ఒక పిల్లాడు కళ్లు తిరిగి పడిపోతే, ఆ రోజునుంచి ఎండాకాలంలో పొద్దున ఏడు దాటాక గ్రౌండులో ఎవరినీ ఉంచలేదు, నీళ్ల బిందె లేకుండా విజిల్ ఊదలేదు. అమెరికాలో కూడా 2018లో మేరీలాండ్ యూనివర్సిటీలో 19 ఏళ్ల ఆటగాడు వడదెబ్బకు చనిపోయాడు. కుప్పకూలింది మ్యాచ్‌లో కాదు, ప్రాక్టీసులో, కోచింగ్ సిబ్బంది ముందు. పిల్లల ప్రాణాల మీద బెంగ ఉన్నవారు మొదట చూడాల్సింది అక్కడ. మే నెల ప్రాక్టీసు ఎవరి చేతిలో ఉంది, నీళ్లు ఇస్తున్నారా, పడిపోయినవాణ్ని ఎన్ని నిమిషాల్లో చల్లబరుస్తున్నారు, ఇవీ అడగాల్సిన ప్రశ్నలు.

రూల్స్ అసలే మార్చకూడదనీ అనను. 2023లో ఒక మార్పు తెచ్చారు. అంతకుముందు 10 గజాలు సాధించినప్పుడల్లా గడియారం ఆపేవారు, ఇప్పుడు ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాల్లో తప్ప ఆపరు. దానివల్ల మొత్తం ఆటలో ప్రయత్నాల సంఖ్యే తగ్గుతుంది, ఇద్దరికీ సమానంగా తగ్గుతుంది. అది న్యాయమే, మా అల్లుడు కూడా ఒప్పుకున్నాడు. 2025 నుంచి ఇంకొకటి వచ్చింది, అది నాకు చాలా నచ్చింది. వేగాన్ని ఆపడానికి కొన్ని జట్లు దెబ్బ తగలకపోయినా ఆటగాణ్ని కింద పడుకోమనేవి, డాక్టర్లు పరుగెత్తుకొచ్చేవారు, ఈలోగా మిగతావాళ్లు నీళ్లు తాగేవారు. ఇప్పుడు బంతిని తర్వాతి ఆటకు సిద్ధంగా పెట్టాక వైద్య సిబ్బంది లోపలికి రావాల్సి వస్తే ఆ జట్టుకు ఒక టైమౌట్, అంటే ఆట ఆపించుకునే అవకాశం, పోతుంది, టైమౌట్లు లేకపోతే 5 గజాలు. నొప్పి నటించడం అలవాటైతే నిజంగా నొప్పి వచ్చినవాణ్ని కూడా ఎవరూ నమ్మరు, నా అనుభవంలో చూశాను.

మన ఒడిశా వాళ్లకు హాకీ గురించి చెప్పక్కర్లేదు. ఆ ఆటలో 90ల చివర్లో ఆఫ్‌సైడ్ తీసేశారు, వేగం అమాంతం పెరిగింది. అయినా పరుగెత్తేవాణ్ని ఆపలేదు. ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా ఆటగాణ్ని మార్చుకునే వీలు అంతకుముందే ఇచ్చారు, తర్వాత 35 నిమిషాల రెండు సగాలను 15 నిమిషాల నాలుగు భాగాలు చేశారు. అలుపు తీర్చే మార్గం అది, రెండు జట్లకూ ఒకేలా దొరుకుతుంది. క్రికెట్లో అయితే వన్డేలు, టీ20ల్లో ఓవరుకూ ఓవరుకూ మధ్య 60 సెకన్ల గడియారం పెట్టి ఆలస్యం చేసేవాళ్లకు పరుగుల శిక్ష వేస్తున్నారు. లోకమంతా ఆలస్యాన్ని తప్పంటుంటే, ఆ వ్యాసకర్త త్వరను తప్పంటున్నారు.

శాబన్ గారి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ ప్రతిపాదన పోయిన 2014లోనే ఆయన దాడి ఆట చూసుకునే కోచ్‌గా లేన్ కిఫిన్‌ను తెచ్చుకుని తన జట్టుకు కూడా వేగం నేర్పించారు. 2015 సీజన్ ఫైనల్లో అలబామా 45-40తో క్లెమ్సన్‌ను ఓడించింది. నేను ఆయన్ను గొప్ప కోచ్ అంటాను. రూలు మారలేదు, ఆయన మారారు. మా అల్లుడికి మింగుడుపడని విషయమే అయినా నిజం నిజమే. బరువుతో ఆడేవాళ్లు కాళ్లు కదపడం నేర్చుకోవచ్చని ఆయనే చేసి చూపించారు కదా, మరి మీ వ్యాసకర్తకు మళ్లీ ఆ పది సెకన్లు ఎందుకు కావాలి?

మీ పేపరు మా వైపు కూడా వస్తుంది, పోటీలు పెట్టే పెద్దలు టీ కొట్టు దగ్గర చదువుతారు. వాళ్లకు ఒక మనవి. ఈ కనుమకు పందెం పెట్టేముందు రూల్స్ ఒడియాలో, తెలుగులో రాసి షామియానా గుంజకు అంటించండి, జట్ల కెప్టెన్లతో సంతకం పెట్టించండి, ఆట మొదలయ్యాక వాటిని ముట్టుకోకండి. పిల్లల ఆరోగ్యం గురించి బెంగ ఉంటే విరామం ఐదు నిమిషాలు పెంచండి, రెండు జట్లకూ నీళ్లూ గ్లూకోజూ ఇవ్వండి, నేనూ వచ్చి సాయం చేస్తాను. ఆటోలో నన్నడిగిన ఆ సవర కుర్రాడు ఇప్పుడు తన ఊళ్లో చిన్నపిల్లలకు కూత నేర్పిస్తున్నాడు, ఈసారి వాళ్లను తీసుకుని వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా