యుద్ధంలో ఏం తింటిమంటే

జమ్మలమడుగు

అమ్మీ,

యుద్ధంలో ఏం తింటా ఉంటిరి నాయనా అని నువ్వు ఫోన్లో అడిగితివి. ఈ చెవులతో ఫోన్లో మాట సాగదు, అందుకే రాస్తాండా.

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్ ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులేసినాయి. అమృత్‌సర్ జిల్లాలోనే ఒక కాలవ వంతెనకు మేము కాపలా, విమానాల్ని కొట్టే 40 ఎం.ఎం. గన్నుతో. రెండు గంటలు డ్యూటీ, నాలుగు గంటలు విశ్రాంతి. పేరుకే విశ్రాంతి. గన్ను తుడిచేది, గుంత లోతు చేసేది, నిద్ర, ఉత్తరం అన్నీ అందులోనే. తెల్లవారకముందు, పొద్దుగుంకేటప్పుడు మాత్రం అందరం ఆయుధాలు పట్టుకుని నిలబడాల్సిందే. ఉత్తరాలకు అడ్రసు 56 ఏపీఓ, అంటే మిలిటరీ పోస్టాఫీసు నంబరు, ఊరి పేరుండదు. ఇది యా ఊరమ్మా అని మన పోస్టుమాను మీ జేజిని అడిగినాడంట.

ఆకలికి లోటు లేదు. లంగర్ నుంచి, అంటే మా మిలిటరీ వంటశాల నుంచి, రొట్టెలు, పప్పు, ఉర్లగడ్డ కూర వచ్చేవి. బండి రాని రోజుకు శక్కర్‌పారాలు ఉండేవి, మైదా ముక్కలు వేయించి చక్కెర పట్టించినవి. కడుపు నిండేది గానీ నోరు సచ్చిపోయేది. పులుపు లేదు, పచ్చని ఆకు లేదు.

సరిహద్దు పక్క పల్లెలు ఖాళీ అయిపోయినాయి. వదిలేసి పోయిన ఎనుములు పిండే దిక్కులేక, పొదుగులు గట్టిపడి రాత్రంతా అరిచేవి. సేద్యగాళ్ల బిడ్డలం, ఆ అరుపు వింటా ఎట్ల కూర్చునేది? పోయి పిండినాం. పాలు టీకి, మిగిలినవి తోడుకు. పెరట్లో ముల్లంగి పీకొచ్చు, ఇంటి గడప తొక్కగూడదు అని మా హవల్దారు కట్టడి. నాకు ముల్లంగి పీకేదానికీ మనసొప్పలేదు, మన శెనక్కాయ చేన్లో ఎవడో పడినట్లుండేది. తినేది మాత్రం తిన్న్యా.

గోధుమ చేలల్లో చక్రవర్తి కూర కలుపు మాదిరి మొలిచి ఉండేది. ఆకు గుర్తుపట్టేటోణ్ణి నేనే గాబట్టి హెల్మెట్ నిండా గిల్లుకొచ్చే పని నాది. కట్టెలు పెడితే పొగ పైనుంచి కనపడుతుంది, రాత్రి మంట అసలే కుదరదు. అందుకని మిట్టమధ్యాహ్నం, పొగ రాకుండా మండే హెగ్జమైన్ బిళ్లల మీద మెస్‌టిన్, అంటే మా రేకు గిన్నె, పెట్టి, లంగర్ పప్పులోనే ఆకేసి ఉడికించి, చింతపండుకు బదులు పుల్ల మజ్జిగ పోసేది. గఢ్వాల్ హవల్దారు గిన్నె నాకినాడు!

చేపలకని కాలవలో గ్రెనేడ్ వేద్దామన్నాడొకడు. ఆ చప్పుడుకు లైనంతా శత్రువొచ్చినాడని లేస్తుంది. వాడు తిన్న తిట్లు నీకు రాయలేను.

17 రాత్రి 8 గంటలకు కాల్పులు ఆగినాయి, కాపలా ఆగలేదు. ఊరోళ్లు తిరిగొచ్చినాక ముల్లంగి సంగతి చెప్పినాం. ముసలి సర్దారు దాన్ని పట్టించుకోలేదు. ఎనుము తన చేతికి పాలియ్యడంలేదు, ఎవడు మరిపినాడు దీన్ని అని మా మీద పడినాడు. కొన్నాళ్లు, ఆయన పిండేటప్పుడు నన్ను పక్కన నిలబడమనేటోడు.

మీ నాయన