సంతకం ఉన్న పేజీ చించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతిలో పాత పుస్తకాలు కొనే వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది, ఎవరూ పేపరుకి రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. పాత పుస్తకం చేతికి తీసుకుని అట్ట తెరిస్తే మొదటి పేజీ ఉండదు. కుట్టు పక్కన సన్నటి కాగితం ముక్క పళ్లు పళ్లుగా మిగిలి ఉంటుంది, ఒక్కోసారి దాని మీద సంతకం కింద గీసిన గీత కొస కూడా కనిపిస్తుంది. అంటే రచయిత చేత్తో రాసిచ్చిన పుస్తకం అన్నమాట. ఆ పేజీ మాత్రం ఏ పొయ్యిలోకో పోయింది.

ఎందుకు చించుతారో నాకు తెలియక కాదు. ఇంట్లో పెద్దాయన పోతారు, పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, ఇల్లు అద్దెకివ్వాలి, ఆ తొందరలో బీరువా ఖాళీ చేసి పుస్తకాలన్నీ తూకానికి వేస్తారు. వేసేముందు ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది. ‘ఫలానా గారికి ఆత్మీయతతో’ అని రాసిచ్చిన పుస్తకం రేపు ఫుట్‌పాత్ మీద ఆ రచయిత కంటపడితే నాన్నగారి పరువు ఏం కావాలి అని. అంతే, చర్రున చించేస్తారు. మర్యాద కోసమే చేస్తారు పాపం. ఇళ్లవాళ్లు చించకపోతే కొన్నవాళ్లు చించుతారు. పాత పేపర్లు, పుస్తకాలు కొనే ఒకాయన్ని అడిగితే, ‘పేరు రాసుండే పుస్తకం ఎవురూ ఎత్తుకోరు సార్, గలీజుగా ఉంటాది’ అన్నాడు. ఆయన అనుభవం ఆయనది. కానీ అదే పుస్తకానికి సంతకం ఉంటే నాబోటి వాడు బేరమాడకుండా రెండింతలు ఇచ్చి పట్టుకుపోతాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పైగా చించితే పోయేది ఆ ఒక్క పేజీయే కాదు. కుట్టు బైండింగ్ పుస్తకమైతే పదహారు పేజీల ఫారం మడతపెట్టి కుడతారు కదా, మొదటి కాగితమూ ఆ ఫారంలో చివరి కాగితమూ నిజానికి ఒకే ముక్క. మొదటిది మొదలంటా లాగేస్తే రెండోదానికి పట్టు ఉండదు, నాలుగుసార్లు తిరగేసేసరికి పదిహేను, పదహారు పేజీలు జారి కింద పడతాయి. అలా సగం ముందుమాట లేని పుస్తకాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

సంతకాల పిచ్చి అనగానే సినిమా వాళ్ల వెంట పడే వ్యవహారం అనుకుంటారు. డబ్బు కోసమా అని కూడా అడుగుతారు. తెలుగు పుస్తకానికి సంతకం వల్ల పెద్దగా పలికే ధరేమీ లేదు. ఇంగ్లీషు పుస్తకాలకు అదొక వ్యాపారం, అక్కడ కొందరు ప్రచురణకర్తలు విడి కాగితాల మీద వందల సంతకాలు పెట్టించి తర్వాత వాటిని పుస్తకంలో కలిపి కుట్టిస్తారు, లేదా సంతకం ఉన్న స్టిక్కర్ అతికిస్తారు. మన దగ్గర సభ అయిపోయాక రచయిత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కవాడి జేబులోంచి పెన్ను అడిగి తీసుకుని, మన పేరు స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి రాసిస్తాడు. నాకు కావలసింది అది.

ఇంకో కారణం కూడా ఉంది, నా మటుకు అసలు కారణం ఇదే. మన పుస్తకాల్లో అచ్చుతప్పుల సంగతి మీకు చెప్పాలా! తనకు దగ్గరివాళ్లకు కాపీ ఇచ్చేటప్పుడు రచయిత ఊరికే సంతకం పెట్టి ఇవ్వడు, ప్రాణం ఊరుకోక లోపల తప్పులన్నీ పెన్నుతో దిద్ది మరీ ఇస్తాడు. నా దగ్గర ఉన్న ఒక కథల పుస్తకంలో (ఆ రచయిత ఇప్పుడు లేరు, పేరు ఎందుకులెండి) ఒక కథ మధ్యలో రామక్క కాస్తా రాజక్క అయిపోయింది. ఆయన నల్లసిరాతో ‘జ’ కొట్టేసి పైన ‘మ’ రాశారు. అదే కథలో ఇంకో చోట అచ్చులో ఎగిరిపోయిన వాక్యం మొత్తం మార్జిన్‌లో చీమతలకాయంత అక్షరాలతో నిలువుగా రాశారు. ఆ వాక్యం చదివితే తప్ప ఆమె పుట్టింటికి ఎందుకు వెళ్లిపోయిందో అర్థం కాదు. తర్వాత వచ్చిన ముద్రణ కొని చూశాను. రాజక్క రాజక్కగానే ఉంది, వాక్యం లేదు. అంటే ఆ కథ ఆయన రాసినట్టుగా చదవాలంటే ఆయన చేత్తో దిద్దిన కాపీలే దిక్కు, అలాంటివి ఎన్ని తూకానికి పోయాయో ఎవరు చెప్పగలరు?

మన జిల్లాలో రాసినవాళ్లకు తక్కువేం లేదు. దామలచెరువులో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 1999లో పోయారు. ఆయన సంతకంతో ఇక కొత్త కాపీ రాదు కదా, మన ఇళ్ల అటకల మీద ఉన్నవే. ఒకప్పటి మన జిల్లాలోని మదనపల్లెనే తీసుకోండి. 1919లో టాగోర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చి స్వదస్తూరీతో రాసి కింద సంతకం పెట్టారు. ఇవాళ మదనపల్లె పేరు చెప్పగానే జనం ఆ కాగితం నకలునే గుర్తు చేసుకుంటారు. దాన్ని కూడా ఎవరో మర్యాదకి చించేసి ఉంటే?

ఇప్పుడు గ్రంథాలయాల సంగతి. తెలిసిన వాళ్ల ఇంట్లో పుస్తకాలు ఇస్తామంటే ఊళ్లో ఒక లైబ్రరీకి ఫోన్ చేశాను. జాగా లేదన్నారు, పాతవి వద్దన్నారు, చివరికి సరే తెమ్మన్నారు. తీసుకున్నాక చేసిన మొదటి పని సరిగ్గా రచయిత సంతకం మీదే ఊదా రంగు స్టాంపు గుద్దడం. పక్కన అంత ఖాళీ జాగా పెట్టుకుని! ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను అందరం కడుతున్నాం. అందులోంచి ఒక్క బీరువా, తాళం వేసేది, సంతకాలున్న పుస్తకాల కోసం విడిగా పెట్టమని అడగడం అత్యాశేమీ కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు పెట్టినా సరే, వేల తాళపత్రాలు భద్రపరిచిన మా శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ వాళ్లు పెట్టినా సరే. ఏ పుస్తకం, ఎవరికి రాసిచ్చింది, ఏ తేదీ, లోపల దిద్దుబాట్లు ఉన్నాయా లేదా అని ఒక రిజిస్టర్ పెడితే చాలు, కంప్యూటర్ తర్వాత చూసుకోవచ్చు.

రచయితలకూ ఒక మాట. ఆవిష్కరణ సభలో వేదిక మీది వాళ్లందరికీ ఊరికే కాపీలు పంచకండి. తూకానికి వచ్చేవాటిలో విప్పి కూడా చూడనివి ఎక్కువగా అవే. గాంధీ గారంతటి వారే హరిజన నిధి కోసం సంతకానికి అయిదు రూపాయలు వసూలు చేసేవారు. మీరు పుస్తకం ఖరీదు తీసుకుని సంతకం పెట్టడంలో నామోషీ ఏముంది? సంతకంతో పాటు ఊరు, తేదీ కూడా రాయండి. ‘శుభాకాంక్షలతో’ అని ఒక్క ముక్క రాసి గిలికితే ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాడికి అది ఎక్కడ పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో తెలియదు. జెల్ పెన్ను కూడా వద్దు, చాలా జెల్ పెన్నుల సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది, మన ఇళ్లలో వానాకాలం గోడ బీరువాల సంగతి తెలిసిందే.

ఇళ్లల్లో పుస్తకాలు తీసేయాలనుకునే వాళ్లు తీసేయండి, అందరూ అన్నీ దాచుకోలేరు. మీ నాన్నగారి పేరు బయటపడుతుందని బెరుకుగా ఉంటే ఆ పేరు మీద చిన్న కాగితం ముక్క మడిచి క్లిప్పు లేకుండా ఊరికే పెట్టి ఇవ్వండి, గమ్ పూయకండి. కొనుక్కునేవాళ్లం చూసుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి