సెనేట్‌లో అందరికీ ఇద్దరేనా?

అందరికీ నమస్కారం. అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్‌లో, అత్యధిక జనాభా ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులే (సెనేటర్లే), అతి తక్కువ జనాభా ఉన్న వ్యోమింగ్‌కీ ఇద్దరేనా అని నిన్న గ్రూపులో అడిగారు కదా. అవునండీ, అంతే.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు పెద్ద గొడవ దీనిమీదే. సీట్లు జనాభాను బట్టి ఇవ్వాలని వర్జీనియా, అందరికీ సమానంగా ఉండాలని న్యూజెర్సీ, డెలావేర్ పట్టుబట్టాయి. కనెక్టికట్ వాళ్లు రాజీ కుదిర్చారు: దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో జనాభా లెక్క, సెనేట్‌లో సమానం. ఇప్పుడు ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది.

మన రాజ్యసభ అలా కాదు. ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, సిక్కింకి 1. ఇంకో తేడా, రాజ్యసభకు ఇప్పటికీ ఎమ్మెల్యేలే ఓటేస్తారు. అమెరికాలోనూ మొదట రాష్ట్ర శాసనసభలే సెనేటర్లను ఎన్నుకునేవి. 1913లో 17వ సవరణతో ఆ ఓటు జనం చేతికొచ్చింది.

చిన్నా పెద్దా రాష్ట్రాలన్నిటికీ ఇద్దరేసి సెనేటర్లే ఉండటం అన్యాయం కాదా అంటే, నాకైతే కొంత అన్యాయమే అనిపిస్తుంది. కానీ మార్చడం దాదాపు అసాధ్యం. ఏ రాష్ట్రమైనా తాను ఒప్పుకోకుండా సెనేట్‌లో తన సమాన వాటా పోగొట్టుకోదని రాజ్యాంగం ఐదో అధికరణంలోనే బిగించేశారు. గట్టివాళ్లే!